ఎంటర్ కొడితే మళ్ళీ అదే

పదకొండున్నర దాటింది. మడ్ అంటే నెట్‌లో చాలామంది కలిసి ఉత్త అక్షరాలతోనే ఆడే ఆట, క్లయింట్ అంటే అది ఆడే ప్రోగ్రామ్. సాయంత్రం నుంచి మూడు మడ్ క్లయింట్లు దించాను, రెండు తీసేశాను. ఆట మాత్రం పావుగంట కూడా ఆడలేదు. పడుకుందామంటే ఆ ఎంటర్ సంగతి బుర్రలోంచి పోవడం లేదు.

నా పాత లాప్‌టాప్ పోయింది. దానితోపాటే పదేళ్ళుగా ఒక్కొక్కటీ రాసుకున్న ఎలియాసులూ (కమాండ్లకి పెట్టుకున్న పొట్టి పేర్లు), ట్రిగ్గర్లూ (ఫలానా వాక్యం రాగానే వాటంతటవే పనిచేసేవి) పోయాయి. కొత్తగా మొదలుపెట్టాలంటే ముందు క్లయింట్ తేల్చుకోవాలి కదా అని కూర్చున్నాను.

దించిన క్లయింట్లలో ఒకదానికి చెడ్డ అలవాటుంది. కమాండ్ పంపాక ఆ మాట కింద మనం రాసే గీతలోనే ఉండిపోతుంది. ఇంకో అక్షరం కొడితే చెరిగిపోతుంది, నిజమే. కానీ పొరపాటున ఎంటర్ తగిలిందా, అదే కమాండ్ మళ్ళీ వెళ్తుంది. ఆటలో అన్నయ్యకి ఒక మందు సీసా ఇవ్వబోయి రెండూ ఇచ్చేశాను. నాకున్నవే రెండు! అడిగితే వెనక్కి ఇచ్చేస్తాడు, అది కాదు బాధ. నేను పంపని మాట నా పేరు మీద వెళ్ళడం నాకు అస్సలు నచ్చలేదు. వెంటనే తీసేశాను.

అసలు ఈ కింద గీత కోసమే నేను క్లయింట్లకి మారాను. మొదట్లో సర్వర్‌కి కలిపే పాతకాలపు ప్రోగ్రామ్, ఉత్త టెల్‌నెట్‌తోనే ఆడేదాన్ని. అందులో నేను కొట్టే అక్షరాలూ, సర్వర్ పంపే వాక్యాలూ ఒకే చోట పడతాయి. ఒక రాత్రి గుహలో దెబ్బ మీద దెబ్బ పడుతోంది. పారిపోవాలి. 'ఫ్లీ' అని కొట్టాలి. ఎఫ్, ఎల్ కొట్టేసరికి మధ్యలో నాలుగు వరుసలు వచ్చిపడ్డాయి. నా రెండక్షరాలు పైకి పోయాయి, కనబడలేదు. పోయాయేమో అనుకుని మాట మొత్తం మళ్ళీ కొట్టాను. అవి ఎక్కడికీ పోలేదు. ఎఫ్, ఎల్, ఎఫ్, ఎల్, ఈ, ఈ అని వెళ్ళింది. అలాంటి కమాండ్ లేదంది సర్వర్. ఆ మాట చదివేలోపు చచ్చిపోయాను. కత్తి, కవచం అన్నీ శవం దగ్గరే. వట్టి చేతులతో అదే గుహకి వెళ్ళాలి. ఆ రోజు ఏడ్చాను. 1978లో ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ రాసిన మొదటి మడ్ ఆడినవాళ్ళకి ఇన్ని సదుపాయాలు ఎక్కడివి, ఎలా నెట్టుకొచ్చారో అనిపిస్తుంది.

అందుకే టిన్‌టిన్ ప్లస్ ప్లస్ అనే క్లయింట్ వైపు మనసు పోయింది. అక్షరాలు మాత్రమే ఉండే టెర్మినల్ విండోలోనే నడుస్తుంది, స్ప్లిట్ అని కొడితే రాసే చోటు విడిగా కిందకి వచ్చేస్తుంది. మడ్‌లెట్ అనే ఇంకో క్లయింట్‌లో అయితే ఆ చోటు ముందే విడిగా ఉంటుంది, పైగా మ్యాప్, లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టులు. అంత ఆర్భాటం నాకెందుకు అనుకున్నాను. మ్యాప్ చూస్తూ నడిస్తే గది వర్ణన ఎవరు చదువుతారు? మడ్ అంటేనే చదవడం కదా.

ఇదే మాట అన్నయ్యతో ఫోన్‌లో అన్నాను.

"నీకు కళ్ళున్నాయమ్మా, ఏది వదిలేయాలో చూపుతోనే వదిలేస్తావు. నాకు స్క్రీన్ రీడర్ ప్రతి అక్షరం చదువుతుంది" అన్నాడు.

తను మష్‌క్లయింట్ అనే క్లయింట్ వాడతాడు. యుద్ధంలో ఎవరు ఎవర్ని కొట్టారన్న వాక్యాలన్నీ ట్రిగ్గర్లతో ఆపేసి, ప్రాణం తగ్గినప్పుడు మాత్రం ఒక చప్పుడు వచ్చేలా పెట్టుకున్నాడు. గది వర్ణన మాత్రం ఎప్పుడూ ఆపడట, పూర్తిగా వింటాడట. ట్రిగ్గర్లు పెట్టుకున్నవాళ్ళు చదవరని ఇన్నాళ్ళూ ఎంత గట్టిగా అనుకున్నానో! నాకు చాలా సిగ్గేసింది.

ఎంటర్ గురించి కూడా అడిగాను. పొడుగు దారిలో ఉత్తరానికి ఇరవై గదులు నడవాలంటే అలా మాట ఉండిపోతేనే సుఖం అన్నాడు. ఒకసారి కొట్టి, ఆ తర్వాత ఎంటర్ ఒక్కటే. వద్దనుకుంటే సెట్టింగుల్లో ఆపుకోవచ్చట. నేను సెట్టింగులు తెరిచి కూడా చూడలేదు.

ఆ ఎంటర్ అలవాటుందని తీసేసినదాన్ని ఇప్పుడే మళ్ళీ దించాను. పాత ఎలియాసులు గుర్తున్నంతవరకు కాగితం మీద రాసుకున్నాను, పద్నాలుగు వచ్చాయి. రేపు ముందు రాసే ట్రిగ్గర్ మాత్రం పాతది కాదు. అన్నయ్య నాతో ఏం మాట్లాడినా అది పక్కన వేరే విండోలో పడాలి. గుహలో దెబ్బల మధ్య ఆయన మాట పైకి కొట్టుకుపోకూడదు.