జు దెహాయి గురించి రాయబోయి

చైనాలో కొరియన్ల స్వయంపాలిత ప్రాంతమైన యాన్‌బియన్‌కు మొదటి అధినేత జు దెహాయి. ఆయన మీద రెండు పేజీల పరిచయం రాస్తానని ఒప్పుకున్నప్పుడు శని, ఆదివారాల్లో తేలిపోతుందిలే అనుకున్నాను. మూడు వారాలు పట్టింది.

మొదటి తలనొప్పి పేరుతోనే. అవే అక్షరాలను చైనీయులు జు దెహాయి అని చదివితే, కొరియన్లు జు దొక్‌హే అంటారు. పోనీ, అదైనా అసలు పేరా అంటే కాదు. ఇంట్లో పెట్టిన పేరు ఓ గిసొప్. ఆ పేరుతో వెతికి, దొరికిందల్లా నోట్స్‌లో ఎక్కించుకుంటూ పోయాను. ఓ రాత్రి చూసుకుంటే, 1940ల చివర్లో మా కథానాయకుడు ఒకేసారి యాన్‌బియన్‌లోనూ ప్యాంగ్యాంగ్‌లోనూ ఉన్నాడు! ఉత్తర కొరియాలో అదే పేరుతో ఇంకో కమ్యూనిస్టు నాయకుడు ఉండేవాడని అప్పుడు తెలిసింది. సగం నోట్స్ కొట్టేశాను. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు రాస్తారు కాబట్టి ఆ ఒక్క గొడవా తప్పింది.

రష్యా తూర్పు కొసన, వలస వెళ్లిన కొరియన్ కుటుంబంలో 1911లో పుట్టారు. 1931లో చైనా కమ్యూనిస్టు పార్టీలో చేరడం, మాస్కోలో చదువు, అప్పట్లో ఆ పార్టీకి స్థావరమైన యాన్‌ఆన్‌లో గడిపిన రోజులు తేలిగ్గానే రాసేశాను. నాకు బాగా నచ్చింది యాన్‌బియన్ విశ్వవిద్యాలయం. 1949లో, చైనా ప్రజా రిపబ్లిక్ ప్రకటనకు కొన్ని నెలల ముందే, దాన్ని మొదలుపెట్టారు. తొలి అధ్యక్షుడు ఆయనే.

1952 సెప్టెంబరు 3న స్వయంపాలిత ప్రాంతం ఏర్పడింది. 1955లో దాని హోదా ‘జౌ’ అయింది. దీనికి తెలుగేమిటి? జిల్లా అంటే చిన్నదైపోతుంది, రాష్ట్రం అంటే తప్పు. చివరికి ప్రిఫెక్చర్ అనే ఉంచి, ప్రావిన్సుకు కింద, కౌంటీకి పైన ఉండేదని ఒక వాక్యం కలిపాను.

ఆఖరి పేరాలో ‘1972 జూలైలో వూహాన్‌లో మరణించారు’ అని ముగించి పంపాను. సరిచూసిన మేడం పక్కన ఒక్క ప్రశ్న రాశారు: ‘ఈయన వూహాన్‌లో ఎందుకున్నారు?’

మళ్లీ కూర్చున్నాను. మావో హయాంలో సాగిన సాంస్కృతిక విప్లవంలో ఆయన మీద జాతి పేరుతో దేశాన్ని చీలుస్తున్నాడన్న ముద్ర వేశారు. పదవి పోయింది, యాన్‌బియన్ దూరమైంది, చివరికి వూహాన్ చేరారు. ఆ నింద 1978లో గానీ తొలగలేదు, అప్పటికి ఆయన పోయి ఆరేళ్లు. ఒక్క వాక్యంలో తేల్చేసిన ఆ పేరాయే ఇప్పుడు వ్యాసంలో అన్నిటికంటే పొడుగు.