వసంతాన్ని ఇంట్లోకి పిలుస్తున్నా

చలి తగ్గి పొద్దుటి ఎండ కాస్త వెచ్చబడగానే నా చేతులు ఊరికే ఉండవు, ముందు కుండీల దగ్గరికే పోతాను. గులాబీ కొమ్మ మీద నువ్వుగింజంత ఎర్రటి చిగురు కనిపిస్తే చాలు, దానికి అర సెంటీమీటరు పైన ఏటవాలుగా కత్తిరిస్తాను. బయటివైపు తిరిగిన చిగురునే ఎంచుకోండి, అప్పుడే కొత్త కొమ్మ బయటికి సాగి మొక్క మధ్యలో గాలి ఆడుతుంది. బంతి విత్తనాలు మాత్రం లోతుగా పెట్టొద్దు, అర సెంటీమీటరు మట్టి కప్పితే చాలు, తడి ఆరకుండా చూసుకుంటే దాదాపు వారంలో మొలకలొస్తాయి. పోయినసారి తొందరపడి రోజూ నీళ్లు గుమ్మరించాను, సగం మొలకలు కాడ దగ్గర కుళ్లి వాలిపోయాయి, చాలా బాధేసింది. ఇప్పుడు స్ప్రేతోనే తడుపుతున్నా.

మందపు కర్టెన్లు తీసేసి పల్చటివి వేశాను, గదికి ప్రాణం వచ్చింది.

సాయంత్రాలు క్రేప్ కాగితంతో పూలు చేస్తున్నా. కాగితం మీద సన్నటి ముడతలుంటాయి కదా, అవి రేకుకి నిలువుగా వచ్చేలా కత్తిరించి, మధ్యలో రెండు బొటనవేళ్లతో మెల్లగా అడ్డంగా సాగదీస్తే రేకు దోసిలిలా వంగుతుంది. ఆ వంపు వచ్చే క్షణం నాకెంత ఇష్టమో! నిన్న ఐదు పూలయ్యాయి, సన్నటి వైరుకి కట్టి కిటికీ పక్కన గాజు సీసాలో పెట్టాను.