లయకు లిప్త వెనుకగా

ఈ రోజు సెలవు కావడంతో బీరువా సర్దుకుంటూ జాజ్ గాయని సెసీల్ మెక్లోరిన్ సాల్వాంట్ పాడిన ‘డ్రీమ్స్ అండ్ డాగర్స్’ ఆల్బమ్ పెట్టుకున్నాను. సగానికి వచ్చేసరికి సర్దడం మానేసి కూర్చుని విన్నాను. 2017లో వెలువడిన ఈ ఆల్బమ్‌లో ఎక్కువ పాటలు న్యూయార్క్‌లోని విలేజ్ వ్యాన్‌గార్డ్ క్లబ్బులో శ్రోతల ఎదుట పాడుతుండగా రికార్డు చేసినవి. నేలమాళిగలోని ఇరుకైన గది కాబట్టి అక్కడి నవ్వులూ చప్పట్లూ పాటతో పాటే వినిపిస్తాయి. ఆ సందడిని ఆమె పాటలో కలుపుకునే తీరు నాకు ఎంతో ఇష్టం. తాళం తన దారిన సాగిపోతున్నా, తాను మాత్రం ఒక లిప్త వెనుక నిలిచి, పియానో మీద ఆరన్ డీల్ ఎటు వెళుతున్నాడో విని, అప్పుడు గాని తరువాతి మాటను వదలదు. పాట తెలిసినవాళ్ళకు కూడా ఆ మాట కొత్తగానే వినిపిస్తుంది.

సాయంత్రం ఆమెదే, 2018 నాటి ‘ద విండో’ విన్నాను. ఇందులో చాలా పాటలకు సలివన్ ఫోర్ట్‌నర్ పియానో తప్ప వేరే తోడు లేదు. డ్రమ్స్, బేస్ లేనప్పుడు కాలప్రమాణాన్ని మోయవలసింది ఆ ఇద్దరే కనుక ఒకరు ఆగితే రెండవవారు ఆ ఖాళీని నింపాలా, అలాగే ఉంచాలా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. స్టూడియోలో ఒకే పాటను పలుమార్లు పాడించి, బాగా వచ్చిన ముక్కలను అతికించే సౌకర్యం ఉంది. మిగతా సంగీతానికి అది మేలే చేయవచ్చు గాని, జాజ్ గాత్రంలో ఒకరి మాటకు మరొకరు బదులిచ్చే వరుస తెగితే పాటలో ప్రాణం తగ్గుతుందని నా నమ్మకం. మైకును దూరం జరిపి గొంతెత్తడం, దగ్గరకు తెచ్చి ఊపిరి సైతం వినిపించేలా పలకడం కూడా ఈ కళలో భాగమే.

స్టూడియో రికార్డింగులో కూడా ఆ వరుస నిలుస్తుందనడానికి మరో జాజ్ గాయని సమారా జాయ్ 2024 నాటి ఆల్బమ్ ‘పోర్ట్రెయిట్’ నాకు గట్టి సాక్ష్యం. జాజ్ స్వరకర్త చార్లెస్ మింగస్ కూర్చిన ‘రీఇన్‌కార్నేషన్ ఆఫ్ ఎ లవ్‌బర్డ్’ స్వరరచనకు ఆమె సొంతంగా మాటలు రాసుకుని, వాద్యాల ఆసరా ఏమీ లేకుండా పాటను ఎత్తుకుంటుంది. అంత వంకర నడక ఉన్న బాణీలో, శ్రుతి అందించేవారు లేకుండా, ఒక్కొక్క స్వరాన్నీ తొణకకుండా నిలబెట్టడం సామాన్యమైన సాధన కాదు. ఆమె ఇదే పాటను వేదిక మీద పాడిన రికార్డింగు దొరికితే, ఆ ఎత్తుగడలో ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగుతుందో పోల్చి వినాలని ఉంది.