తమ్ముడి ఎకనామిక్స్ నోట్సు

మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా. ఆర్‌పీ అంటారు. రెటీనాలో మసక వెలుతురుకు పనిచేసే కణాలు ముందు దెబ్బతింటాయి. అందుకే రేచీకటితో మొదలై, పక్క చూపు పోతూ పోతూ నడిమధ్యన కాస్త మిగులుతుంది. గోడ గడియారం చూసి టైమ్ చెప్పేవాడు, కాళ్ల దగ్గరున్న స్టూలును తన్నేసేవాడు. "నటిస్తున్నాడు" అనేవాళ్లు చుట్టాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు పరిధి 10 డిగ్రీల కంటే తగ్గితే అంధత్వమే, మధ్యలో ఎంత స్పష్టంగా కనిపించినా సరే. చెప్పినా వాళ్లు నమ్మలేదనుకోండి.

డిగ్రీకొచ్చేసరికి ఆ మధ్య చూపూ మసకబారింది. తెలుగు మీడియం, ఎకనామిక్స్. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ ఉంది, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఉచితమే. అది చదివే తెలుగుకు వాడు అలవాటుపడ్డాడు. వాడు పెట్టుకునే స్పీడుకి నాకు ఒక్క ముక్క అర్థం కాదు. నోట్సు పీడీఎఫ్‌లు తెరిస్తేనే గోల. కొన్ని ఉత్త స్కాన్లు, అంటే ఫొటోలు. మిగతావి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఏ కంప్యూటర్‌లోనైనా ఒకటే కోడ్ ఉండే పద్ధతి) కాని, అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లు. మన కంటికి "డిమాండ్ సూత్రం" అనే కనిపిస్తుంది, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కోడ్‌లు. ఎన్‌వీడీఏ చదివేది వాటినే. స్కాన్లను ఓసీఆర్‌కి, అంటే ఫొటోలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చి, మిగతావి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, వత్తులు తారుమారైన చోటల్లా కూర్చుని దిద్దాను. అసలు పనంతా ఇదే. అచ్చు వేసేవాళ్లు యూనికోడ్ ఫైలు ఇస్తే ఈ చాకిరీ ఎవరికీ ఉండదు.

పట్టికలు తేలికే. కలిపేసిన గళ్లు విడదీసి, పై వరుసను హెడర్‌గా పెడితే చాలు.

గ్రాఫుల వివరణలో రంగులు వదిలేశాను. అడ్డంగా పరిమాణం, నిలువుగా ధర. డిమాండ్ రేఖ ఎడమ నుంచి కుడికి దిగుతుంది, సప్లయ్ రేఖ ఎక్కుతుంది, రెండూ కలిసిన చోట సమతౌల్య ధర. అంతవరకు సరే. డిమాండ్ పెరిగి రేఖ పక్కకు జరిగితే మాటలు చాలవు. అట్ట మీద ఫెవికాల్‌తో డిమాండ్‌కి సన్నదారం, సప్లయ్‌కి పురికొస, కొత్త డిమాండ్‌కి ముడులేసిన దారం అంటించాను. కలిసే చోట్ల అమ్మ రాళ్ల బొట్టుబిళ్లలు. వాడు ఒక బిళ్ల నుంచి రెండో దానికి వేలు జరిపి, "ధరా పెరిగింది, పరిమాణమూ పెరిగింది" అన్నాడు.

పరీక్షకు స్క్రైబ్, అంటే వాడు చెప్తుంటే జవాబులు రాసిపెట్టే మనిషి ఉంటారు, కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. గ్రాఫు వాళ్ల చేత గీయించాలి కదా, ఇప్పుడు ఆ ప్రాక్టీసు నా మీదే. "అక్కా, నాకు తెలుసని నువ్వే గీసెయ్యకు. నేను చెప్పిందే గియ్యి."