పేజీ నేనే తిప్పుకోవాలి

మెడ దగ్గర వెన్నుపూసకు దెబ్బ తగిలి నాలుగేళ్లయింది. కుడి చేయి మోచేతి దగ్గర వంగుతుంది, వేళ్లకు పట్టు లేదు. నడక పోయినందుకంటే పుస్తకం పట్టుకోలేకపోయినందుకే మొదట్లో ఎక్కువ ఏడ్చాను. మా ఆవిడ పక్కన కూర్చుని పేజీలు తిప్పేది. కుక్కర్ కూత పెడితే లేచి వెళ్లేది. అదే పేజీ చివరి వాక్యం దగ్గర నేను ఎదురుచూసేవాణ్ణి.

ముందు తాతగారి వ్యాసపీఠం దించాం. నేల మీద కూర్చునేవాళ్లకు అది బాగుంటుంది గానీ, మంచం మీద ఒరిగి ఉన్నవాడికి అక్షరాలే కనబడవు. ఆన్‌లైన్‌లో తెప్పించిన వంగే స్టాండ్ ఫోన్‌ను మోసింది. అరకిలో పుస్తకం పెట్టగానే మెల్లగా వంగి నా ఛాతీ మీదికొచ్చింది. చేత్తో ఆపలేను కదా, చాలా భయపడ్డాను.

చివరికి హనుమకొండలో మాకు తెలిసిన వడ్లాయనను పిలిచాం. "సార్, బల్ల సంగతి తర్వాత. ముందుగాల మీరెట్ల ఒరుగుతరో చూపియ్యిర్రి" అన్నాడు. అంతవరకూ ఎవరూ అడగని మాట అది. మంచం తలవైపు లేపి, మెడ నొప్పి పుట్టకుండా నా చూపు ఎక్కడ ఆగుతుందో అక్కడికి టేపు పెట్టాడు. 40 సెంటీమీటర్లు. ఆసుపత్రుల్లో మంచం మీదికి జరిపి అన్నం పెట్టే చక్రాల బల్ల ఉంటుంది, అది పాతది కొన్నాం. దాని మీద మడతబందులతో ప్లైవుడ్ పలక బిగించి, కింద పుస్తకం జారకుండా పట్టీ కొట్టాడు. వాలు ఎంత కావాలంటే అంతకు మరతో బిగించుకోవచ్చు.

అసలు తంటా పేజీలతోనే. కుట్టుమిషన్ వాళ్లు వాడే ఎలాస్టిక్ రెండువైపులా కట్టాం. బిగిస్తే పేజీ రాదు, వదిలేస్తే పుస్తకం మూసుకుపోతుంది. మొదటి పేజీల్లో ఎడమవైపు పలచగా, కుడివైపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి పలచని వైపు కింద అట్టముక్క పెట్టాలి. సగానికొచ్చాక తీసేయాలి. ఫిజియోథెరపిస్ట్ అన్నం తినడానికి ఇచ్చిన అరచేతి పట్టీలో చెంచా బదులు సన్నని కర్ర దూర్చి, కొసకు పెన్సిల్ రబ్బరు తొడిగాం. ఆ రబ్బరుతో పేజీని లాగుతాను. మొదటిరోజు పన్నెండు పేజీలు తిప్పాను, ఒక్కణ్ణే.

నాలాంటివాళ్లకు ఒకటి చెప్పాలి. చదువులో పడి కదలడం మరిచిపోతే నడుం కింద పుండ్లు పడతాయి. నేను అరగంటకోసారి ఫోన్‌లో అలారం పెట్టుకుంటాను, మోగగానే మా ఆవిడ వచ్చి పక్కకు జరుపుతుంది.

అచ్చు పుస్తకం చదవలేనివాళ్ల కోసం దాన్ని బ్రెయిలీ, ఆడియో లాంటి రూపాల్లోకి మార్చడానికి కాపీరైటు అడ్డు రాకుండా దేశాలు చేసుకున్నది మర్రకేష్ ఒప్పందం. చూపు లేనివాళ్లకే అనుకున్న అది పుస్తకం పట్టుకోలేనివాళ్లకూ వర్తిస్తుందని ఈ మధ్యే తెలిసింది. 2013లో కుదిరిన ఆ ఒప్పందాన్ని అందరికంటే ముందు, 2014లో ఆమోదించింది మన దేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం కోసం కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను. పలక మీద నిలవని లావుపాటి పుస్తకాలు అక్కడ వెతకాలి.

దినపత్రికకు మాత్రం ఈ పలక చాలడం లేదు. వచ్చే ఆదివారం వెడల్పుది తెస్తానన్నాడు వడ్లాయన.