పిల్లల చేతికి మొదటి రైఫిల్: కేజీలు కాదు, బరువు ఎక్కడుందో చూడండి

ప్యారిస్ ఒలింపిక్స్‌లో మనవాళ్లకు షూటింగ్‌లో మూడు కాంస్యాలు వచ్చినప్పటి నుంచి నాకు ఫోన్లు పెరిగాయి. హన్మకొండలో ఓ చిన్న పది మీటర్ల రేంజ్‌లో బడి పిల్లలకు ఎయిర్ రైఫిల్ నేర్పుతాను. ఫోన్ చేసేవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "మేడమ్, మా పాప నేర్చుకుంటానంటోంది. ఏ రైఫిల్ కొనమంటారు?" పాప వయసెంత, ఎత్తెంత అని నేను అడిగితే అవతల కాసేపు మౌనం. ఆ ప్రశ్న వస్తుందని వాళ్లు అనుకోరు. అందరికీ కలిపి వివరంగా రాస్తే మేలనిపించింది.

ముందు ఏ రైఫిల్ గురించి మాట్లాడుతున్నామో చెబుతాను. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసపు పెల్లెట్‌ను వదిలే ఎయిర్ రైఫిల్ ఇది. మన ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. మించని, 20 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. పోటీ రైఫిళ్ల శక్తి అందులో సగం కూడా ఉండదు. లైసెన్స్ అక్కర్లేదు కదా అని బొమ్మ కింద లెక్కగట్టే తల్లిదండ్రులను చూస్తే నాకు భయం వేస్తుంది. ఈ పెల్లెట్ కన్ను పోగొట్టగలదు. నా దగ్గర ఎంత చిన్న పిల్లలైనా మొదట నేర్చుకునేది గురి కాదు. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, 'స్టాప్' అనగానే రైఫిల్ కిందపెట్టి, గొట్టం ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్ దూర్చాలి. ఇది ఒంటికి పట్టేదాకా పెల్లెట్ డబ్బా నా దగ్గరే ఉంటుంది.

ఇక బరువు. అంతర్జాతీయ నిబంధనల్లో పది మీటర్ల పోటీ రైఫిల్ 5.5 కేజీలు దాటకూడదు. పెద్దవాళ్లు ఆ హద్దుకు దగ్గరగా, ఐదు కేజీల అటూ ఇటూ వాడతారు. దానికి కారణముంది. బరువైన రైఫిల్ చిన్న చిన్న వణుకులకు కదలదు, గురి నెమ్మదిగా ఊగుతుంది. పది మీటర్ల దూరంలో మనం కొట్టాల్సిన 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అక్కడ ఆ నెమ్మది ఎంతో విలువైనది. అందుకే నెట్‌లో వీడియోలు చూసిన పిల్లలు కూడా "బరువైనదే మంచిది కదా మేడమ్" అంటారు. పెద్దవాళ్ల విషయంలో ఆ మాట నిజమే.

కానీ ముప్పై కేజీల పిల్ల చేతిలో ఐదు కేజీల రైఫిల్ అంటే ఒంటి బరువులో ఆరో వంతు. డెబ్బై కేజీల మనిషికి పదకొండున్నర కేజీలు పైగా ఇచ్చి, నిలబడి కదలకుండా గురిపెట్టమన్నట్టు లెక్క. అప్పుడు పిల్ల ఏం చేస్తుంది? నడుము వెనక్కి వంచుతుంది. రైఫిల్ ముందుకు లాగుతుంటే దాన్ని ఆపడానికి వీపును విల్లులా వెనక్కి తోస్తుంది. కుడి భుజం చెవి దాకా లేస్తుంది. మెడ పక్కకు వాలుతుంది. శ్వాస బిగబడుతుంది. త్వరగా కాల్చేసి దించేయాలన్న తొందరలో ట్రిగ్గర్‌ను గుంజేస్తుంది. ఎదిగే వయసులో వెన్ను మీద ఒకవైపే పడే ఆ భారం ఒక దిగులైతే, గుంజుడు అలవాటు కావడం మరో దిగులు. ఒకసారి పట్టుకున్న గుంజుడును వదిలించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

అందుకే పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు నేను రెండున్నర నుంచి మూడు కేజీల మధ్య రైఫిల్‌తో మొదలుపెడతాను. ఒళ్లు గట్టిపడ్డాక మూడున్నర, ఆ తర్వాత నాలుగు. ఈ అంకెలు శాసనాలేమీ కావు. పిల్ల నిలబడ్డ తీరు చూసే నిర్ణయిస్తాను.

అయితే తూకం యంత్రం చెప్పేది సగం సంగతే. పోయిన ఏడాది ఆరో తరగతి పాప ఒకామె వచ్చింది. సన్నగా, పొట్టిగా, ఎంతో పట్టుదలగా ఉండే పిల్ల. వాళ్ల నాన్నగారు అప్పటికే ఒక రైఫిల్ కొనేశారు. మూడు కేజీలు కూడా లేదు, తేలికే. అయినా పాప నిలబడగానే వెనక్కి వంగిపోతోంది. రైఫిల్ తీసుకుని ఆమె మోచేతిని తొంభై డిగ్రీలు మడవమన్నాను. బట్‌ను, అంటే భుజానికి ఆనే వెనక చివరను, మోచేతి మడతలో ఆనించి, చూపుడు వేలు ట్రిగ్గర్ దాకా చాచమన్నాను. వేలు ట్రిగ్గర్‌కు బొటనవేలంత దూరంలోనే ఆగిపోయింది. స్టాక్, అంటే గొట్టాన్ని పట్టి ఉంచే పిడి, అంత పొడవు. బట్‌ను భుజానికి ఆనించాలంటే పాప మొండేన్ని పక్కకు తిప్పి, చేతులు రెండూ ముందుకు సాగదీయాల్సి వస్తోంది. బరువంతా ఒంటికి దూరంగా వేలాడుతోంది. తర్వాత ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు నా వేలు పెట్టి రైఫిల్‌ను నిలబెట్టి చూశాను. ముక్కు కిందికి పడిపోయింది. వేలిని ముందుకు జరుపుతూ పోతే ఎక్కడో స్టాక్ ముందు చివర్లో నిలిచింది. అంటే తేలికైన రైఫిలే, కానీ బరువంతా గొట్టంలో ఉంది.

ఈ రెండు పరీక్షలూ షాపులోనే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. వేలు ట్రిగ్గర్‌ను హాయిగా అందుకోవాలి. ట్రిగ్గర్ గార్డు దగ్గర్లోనే రైఫిల్ తూగాలి. నిలబడి కాల్చేటప్పుడు ఎడమ మోచేయి తుంటి ఎముక మీద ఆనుతుంది, బరువును మోయాల్సింది ఎముక, కండ కాదు. రైఫిల్ తూగే చోటు ఆ చేతికి దగ్గరగా ఉంటే మూడున్నర కేజీలు కూడా పిల్లకు భారం అనిపించవు. దూరంగా ఉంటే రెండున్నర కూడా భారమే.

ఆ పాప నాన్నగారు చెప్పిన మాట చాలామంది చెప్పేదే. "ఎదిగే పిల్ల కదండీ, రెండేళ్లలో సరిపోతుంది." జూన్‌లో యూనిఫాం కాస్త వదులుగా కుట్టించే అలవాటు మనది, తప్పు పట్టలేను. కానీ యూనిఫాం చేతులు పొడవైతే మడతపెట్టుకోవచ్చు, స్టాక్‌ను మడతపెట్టలేం. ఆ రెండేళ్లలో ఒంటికి పట్టిన వంకర పిల్లతోనే ఉండిపోతుంది. బట్ ప్లేట్‌ను ముందుకీ వెనక్కీ జరపగలిగే స్టాక్, లేదా మధ్యలో పలకలు పెట్టి పొడవు పెంచుకునే స్టాక్ ఉన్న రైఫిల్ చూడండి. చెంప ఆనే చోటు కూడా ఎత్తు మార్చుకునేలా ఉంటే ఇంకా మంచిది. ఎదిగే పిల్లతో పాటు ఎదిగే రైఫిల్ అంటే అదీ. ఆ పాప స్టాక్‌ను మా ఊరి వడ్రంగి ఒకాయన కొలత తీసుకుని కోసి, కోసిన ముక్కను మళ్లీ బిగించుకునేలా స్క్రూలు పెట్టిచ్చాడు. చక్కగా కుదిరింది.

స్ప్రింగ్ రైఫిలా, పీసీపీనా (ముందే నింపిన గాలితో పేలేది) అన్నది తర్వాతి ప్రశ్న. మన షాపుల్లో ఎక్కువగా కనిపించేది గొట్టాన్ని మడిచి స్ప్రింగ్ బిగించేది. చవక. సిలిండరూ పంపూ ఏదీ అక్కర్లేదు. కానీ పదేళ్ల పిల్ల దాన్ని మడవలేదు. ప్రతి షాట్‌కూ నేనో, పక్కనున్న అన్నయ్యో మడిచివ్వాలి. మడిచిన గొట్టం చెయ్యి జారి తిరిగి కొడితే వేళ్లు చితుకుతాయి. పైగా ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకి, పెల్లెట్ గొట్టం దాటకముందే రైఫిల్‌ను కదిపేస్తుంది. పట్టు రవ్వంత మారినా పెల్లెట్ మరో చోటికి పోతుంది. తప్పు తనదో రైఫిల్‌దో కొత్త పిల్లకు తెలియదు. ఎంత శ్రద్ధగా కాల్చినా పెల్లెట్లు చెల్లాచెదురైతే పాపం డీలా పడిపోతుంది.

పీసీపీలో ముందే సిలిండర్‌లో నింపిన గాలితో పనవుతుంది. కుదుపు దాదాపు ఉండదు. లోడ్ చేయడం చిన్న చేతులకూ సులువు. పోటీ రైఫిళ్లలో చాలావాటికి పెల్లెట్ లేకుండా, గాలి ఖర్చు కాకుండా ట్రిగ్గర్ ఒక్కటే సాధన చేసే వీలుంటుంది. నా లెక్కలో పిల్లలకు ఇదే అతి పెద్ద వరం. స్ప్రింగ్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా కాలిస్తే లోపలి సీల్ పాడవుతుంది. పీసీపీ చిక్కంతా గాలి నింపడంలో ఉంది. 200 బార్ ఒత్తిడి దాకా చేతిపంపుతో కొట్టడం పెద్దవాళ్లకే చెమటలు పట్టించే పని. పెద్ద సిలిండర్ ఉన్న రేంజ్ దగ్గర్లో ఉంటే సరే. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే పిల్లలకు ఆ సౌకర్యం లేదు. వాళ్లకు స్ప్రింగ్ రైఫిల్ వద్దని చెప్పే మనసు నాకు రాదు. మన పోటీల్లో ఓపెన్ సైట్ (గాడిలోంచి గురి చూసే) ఎయిర్ రైఫిల్‌కు వేరే విభాగమే ఉంది, చాలామంది పిల్లలు ఆ దారిలోనే పైకొచ్చారు. అలాంటప్పుడు శక్తి తక్కువున్న, మడవడానికి తేలికైన మోడల్ అడగండి. షాపువాళ్లు "ఇది ఇంకా పవర్‌ఫుల్ సార్" అంటూ చూపించేది పక్కన పెట్టండి. కాగితానికి చిల్లు పెట్టడానికి ఆ పవర్ దేనికీ పనికిరాదు, మడిచే బలం మాత్రం రెట్టింపు కావాలి.

ప్రెసిహోల్ లాంటి మన దేశపు కంపెనీలు రెండు రకాలూ తయారుచేస్తున్నాయి. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావు, అన్షుట్జ్ లాంటి జర్మన్ కంపెనీల పోటీ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి. వాటిలో పిల్లల కోసం పొట్టి స్టాక్, తేలిక బరువుతో చేసినవీ ఉన్నాయి. అమెరికాలో స్కూలు పిల్లలు వాడే డైసీ 853 అయితే దాదాపు రెండున్నర కేజీలే, పక్కనున్న లివర్‌ను ఒక్కసారి తోసి గాలి నింపుకునే రకం. డాలస్‌లో ఉండే మా అక్క కొడుకు దాంతోనే మొదలుపెట్టాడు.

జర్మనీలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు క్లబ్బులో ఎయిర్ రైఫిల్ ఇవ్వాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. అందుకని అక్కడ చిన్నపిల్లలు పెల్లెట్ లేని, కాంతితో గురి చూసే రైఫిళ్లతో నేర్చుకుంటారు. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. మన దగ్గర ఆ సామాను లేకపోయినా ఆ ఆలోచన వాడుకోవచ్చు. నా పిల్లలు మొదట కుర్చీలో కూర్చుని, ముందు స్టాక్‌ను స్టాండ్ మీద ఆనించి కాలుస్తారు. బరువు స్టాండ్ మోస్తుంది. పిల్లకు మిగిలేది మూడే పనులు: చూపు, శ్వాస, వేలు. ఆ మూడూ కుదిరాక నిలబడతారు, అప్పుడు కూడా కొన్నాళ్లు స్టాండ్ ఉంటుంది. తేలిక రైఫిల్ గాలిలో ఎక్కువ ఊగుతుందన్న అభ్యంతరానికి నా జవాబు ఈ స్టాండే.

ట్రిగ్గర్ రెండు దశల్లో ఉండాలి. మొదటి దశలో వేలు ఒక గోడకు తగిలినట్టు ఆగాలి, రెండో దశలో తెగాలి, అంటే పేలాలి. పోటీ రైఫిళ్ల ట్రిగ్గర్ వంద గ్రాముల ఒత్తిడి లోపే తెగుతుంది, కొత్త పిల్లలకు అంత తేలిక వద్దు. చిన్న రంధ్రంలోంచి గురి చూసే పీప్ సైట్ ఉంటే, గొట్టం ముందు చివర ఉండే రింగ్ పెద్దది పెట్టండి. రింగ్ చిన్నదైతే నల్లచుక్క మధ్యలో ఆగడం లేదని టెన్షన్ పడి గుంజేస్తారు. ఇక కన్ను సంగతి. రెండు అరచేతులతో చిన్న సందు చేసి దూరంగా ఉన్న గడియారాన్ని చూడమనండి. ఒక్కో కన్నూ మూస్తూ పోతే ఏ కంటికి గడియారం నిలిచిందో అదే గురి కన్ను. కుడిచేతి వాటం పిల్లల్లో కూడా కొందరికి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. కొనేముందే ఇది తెలిస్తే రెండు వైపులా వాడగల స్టాక్ ఎంచుకోవచ్చు.

అసలు మొదటి మూడు, నాలుగు నెలలు ఏదీ కొనకండి. రేంజ్‌లో ఉన్న రైఫిళ్లతోనే కాల్చనివ్వండి. ఏది చేతికి కుదురుతుందో పిల్లే చెబుతుంది. లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ పెరిగిన హైదరాబాద్‌లో, ఇప్పుడు ధనుష్ శ్రీకాంత్ లాంటి కుర్రాడు వినికిడి లేకపోయినా బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం కొట్టిన ఊళ్లో, మంచి రేంజ్‌లు ఉన్నాయి. సెలవుల్లో నాలుగు రోజులు తీసుకెళ్లి నాలుగు రకాల రైఫిళ్లు పట్టుకోనివ్వండి.

సెకండ్ హ్యాండ్ పీసీపీ దొరికితే వదలొద్దు, పిల్లలు ఎదిగి పెద్ద రైఫిల్‌కు మారినప్పుడు మంచివి అమ్మకానికి వస్తుంటాయి. కానీ డబ్బులిచ్చే ముందు సిలిండర్ మీద ముద్రించిన తేదీ చదవండి. జర్మన్ కంపెనీల సిలిండర్లకు సాధారణంగా పదేళ్లే గడువు. గడువు దాటినదాన్ని 200 బార్‌తో పిల్ల చెంప పక్కన పెట్టే ప్రసక్తే లేదు. కొత్త సిలిండర్ ధర కలిపి బేరం ఆడండి. సీరియల్ నంబరుతో రాసిన రసీదు తీసుకోండి. పెల్లెట్లు తల చదునుగా ఉన్నవి కొనండి, కాగితంలో గుండ్రటి చిల్లు పడి పాయింట్లు లెక్కపెట్టడం తేలిక. సీసం కాబట్టి నోట్లో పెట్టుకోనివ్వకండి. రేంజ్ నుంచి ఇంటికి రాగానే, టిఫిన్ డబ్బా ముట్టకముందే, సబ్బుతో చేతులు కడిగించండి.