బావి గోడ మీద మారుతి

ఒంగోలులో నెల్లూరుకి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కింది నిజానికి చేపల పులుసు కోసం. రైలు పెన్నా వంతెన మీదికి రాగానే నోరూరడం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. పులుసు సంగతి మా అక్క చూసుకుంది. దాని గురించి మొదలెడితే ఇంకేమీ రాయలేను.

సాయంత్రం బావ మైపాడు బీచ్‌కి తీసుకెళ్లాడు. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు ఉంటుంది. తడి ఇసుకలో కుర్రాళ్లు కారుని గిరగిరా తిప్పుతూ చక్రాలతో సున్నాలు చుడుతున్నారు. చూడ్డానికి మెలికల ముగ్గులా ఉంది. పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. బావ కేకేశాడు.

"ఏంది సామీ, ఇదీ ఆర్టే" అన్నాడొకడు.

మా మేనల్లుడిదీ అదే మాట. దక్షిణాఫ్రికా సొవెటోలో 1980ల్లో గ్యాంగ్‌స్టర్ల అంత్యక్రియల్లో బీఎండబ్ల్యూలను ఇట్లాగే తిప్పేవాళ్లట. 2014లో దాన్ని అక్కడ మోటార్ స్పోర్టుగా గుర్తించారు కూడా.

"దానికి గ్రౌండు కట్టుకున్నారు రా వాళ్లు. ఇక్కడ పిల్లకాయలుండారు" అన్నాడు బావ.

రాత్రి ఎగ్జిబిషన్‌లో మరణబావి ఎక్కాం. చెక్కలు నిలువుగా బిగించిన గుండ్రటి గోడ. అంచు చుట్టూ జనం. అడుగున సైలెన్సర్ పీకేసిన పాత మారుతి 800. ఏటవాలు చెక్కల మీద రెండు చుట్లు తిరిగి వేగం అందుకుని, గోడెక్కేసింది. మా కాళ్ల కింద చెక్కలు ఊగాయి. వేగం తగ్గితే జారిపోతుంది, స్టీరింగ్ కాస్త ఎక్కువ తిప్పితే అంచు దాటి మా మీదికే వస్తుంది. ఆ రెంటి మధ్యనే అతని పనంతా.

ఇరవై రూపాయల నోటు చాచాను. కారు దగ్గరికి రాగానే భయమేసి చెయ్యి లాగేసుకున్నాను. మరో చుట్టు తిరిగి సరిగ్గా అక్కడికే, అంతే ఎత్తుకి వచ్చాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నా ముఖం చూసి నవ్వాడు. ఈసారి ఇచ్చాను. బీచ్‌లో కుర్రాళ్లకి లేనిది అదే అనిపించింది: మళ్లీ అదే చోటికి రావడం.

ఆట అయ్యాక టీ బంకు దగ్గర కలిశాడు. ఉత్తరాది మనిషి, తెలుగు కొంచెం వచ్చు.

"తల తిరగదా?"

"కిందికి దిగాక తిరుగుతుంది, సాబ్."

టీ గ్లాసు పెట్టేసి, సుత్తి తీసుకుని వెళ్లాడు. తర్వాతి ఆటకి టిక్కెట్లు తెగుతున్నాయి. అతను మాత్రం బావి చుట్టూ తిరుగుతూ ఒక్కో చెక్కనీ కొట్టి, చెవిపెట్టి వింటున్నాడు.